ఉత్తరకుమారుని తుదిపోరు

గొప్పలు చెప్పుకొని పనివేళకు జారుకొనువానిని చూచి ‘ఉత్తరకుమార ప్రగల్భములు’ అని నవ్వుట మనకు పరిపాటి. ఈ తరమువారికి ఆ నవ్వు ‘నర్తనశాల’ చలనచిత్రమువలన కలిగినది. 1963లో విడుదలయిన యా చిత్రమునకు కమలాకర కామేశ్వరరావుగారు దర్శకులు. రామారావుగారు బృహన్నల, రేలంగివారు ఉత్తరుడు. టూరింగు టాకీసులలో జనము విరగబడి చూచిన చిత్రము, తరువాత క్యాసెట్లమీదను డిస్కులమీదను ఇండ్లకే వచ్చినది.

రేలంగివారి హాస్యమును నేను తక్కువచేయను. నేను విరాటపర్వ పద్యములు పాఠము చెప్పునపుడు వారి పేరెత్తగనే పిల్లల మొగములు వికసించెడివి. కాని యింటిలో చూచువారు తమకు నచ్చిన ఘట్టమునే మరల మరల వేసికొందురు. చిత్రమా, ఉత్తరాభిమన్యుల వివాహముతో ముగియును. ఉత్తరుని కథ యచ్చట ముగియలేదు.

భారతకథను తలచుకొందము. విరాటుడు సేనతో సుశర్మపైకి పోయియుండగా, కౌరవులు ఉత్తరదిక్కున గోవులను పట్టిరి. నగరమున మిగిలిన రాచబిడ్డ ఉత్తరుడొక్కడే. సారథి లేడుగాని, ఉన్నచో గెలిచివత్తునని అంతఃపురమున పలికెను. భీష్మద్రోణులున్న సేనను చూడగనే రథము దిగి పరుగెత్తెను. అర్జునుడు వానిని పట్టి తెచ్చి, జమ్మిచెట్టుపైనున్న యాయుధములు దింపించి, పగ్గములు చేతికిచ్చెను. సారథి లేడని సాకు చెప్పినవాడే సారథి యయ్యెను. గెలిచి వచ్చిన పిదప తండ్రి పొగడగా, గెలిచినది తాను కాదు, ఒక దేవపుత్రుడని చెప్పెను. గొప్పలు చెప్పుకొన్న నోటనే యీ మాట వెలువడుట గమనింపదగినది.

పిదప కురుక్షేత్రమున, మొదటి దినముననే, ఉత్తరుడు ఏనుగునెక్కి శల్యుని తాకెను. ఆ యేనుగు శల్యుని రథాశ్వములను నాలుగింటిని మట్టుపెట్టెను. శల్యుడు విసరిన శక్తి తగిలి ఉత్తరుడు నేలకొరగెను. ఈమారు వాడు పరుగెత్తలేదు.

చిత్తూరు, తిరుపతి ప్రాంతముల ధర్మరాజు గుళ్లయొద్ద వేసవిలో జరుగు భారతోత్సవముల విలువ యిచ్చటనే తెలియును. పగలు హరికథ, రాత్రి వీధినాటకము. పలుచోట్ల పదునెనిమిది దినములు. గోగ్రహణమునాడు ఉత్తరుని చూచి నవ్విన జనమే దుర్యోధనవధ వరకు, అగ్నిగుండము వరకు కూర్చుండును. అచ్చట కథను నడుమ నాపి లేచిపోవుట లేదు.

కావున పెద్దలకు నా మనవి యొక్కటి. మనుమలతో కూర్చుండి ఆ చిత్రమును చూడుడు, కడుపార నవ్వుడు. అది ముగిసిన పిమ్మట, తరువాత నేమి జరిగెనో మీ నోట చెప్పుడు. తొలిపోరున భయపడిన బాలుని జీవితాంతము పిరికివాడనుట న్యాయము కాదని వారికి తెలియవలెను.