రూమును హాలు చేసిన లెన్స్

పోయిన ఎపిసోడ్‌లో నేను కొత్త లెన్స్ కొన్న సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేశాను. "గంత పైసలు పెట్టి ఏం లెన్స్ కొన్నవన్నా, దాని కథేంది?" అని వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. నోటితో చెబితే నంబర్లు గుర్తుండవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కొత్తగా వినేవాళ్ల కోసం ఒక ముక్క. మాది జగిత్యాల దిక్కు. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసి 2006లో దుబాయ్ వచ్చాను. ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌ని. సాయంత్రం డ్యూటీ దిగే ముందు ప్రోగ్రెస్ ఫొటోలు తీసి ఆఫీసుకు పంపాలి. కెమెరా అట్లా అలవాటైంది.

లెన్స్ కథ చెప్పాలంటే ముందు నా తప్పు ఒకటి చెప్పాలి.

2015లో ఒక సెకండ్ హ్యాండ్ కానన్ కెమెరాకు 10-18 ఎం.ఎం. వైడ్ లెన్స్ కొన్నాను. దాంతో తీసిన మొదటి ఫొటో మా రూముదే. 12 అడుగులకు 14 అడుగుల రూము. నాలుగు డబుల్ మంచాలు, ఎనిమిది మందిమి. తలుపు మూలకు వీపు ఆనించి నిలబడి 10 దగ్గర పెట్టి తీశాను. నాలుగు గోడల్లో మూడు పడ్డాయి. సంబరంగా ఇంటికి పంపాను. మా ఆవిడ దాన్ని తమ్ముడికి చూపించింది.

ఏడాది తిరిగేసరికి మా బామ్మర్ది లక్షా ఇరవై వేలు అప్పు చేసి మా కంపెనీలోనే హెల్పర్ వీసా మీద వచ్చాడు. ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకొచ్చి రూము తలుపు తీశాను. లోపలికి చూసి అక్కడే ఆగిపోయాడు. "బావా, ఫొటోల ఫంక్షన్ హాలు లెక్క కొట్టింది గద... గిదేనా?" అన్నాడు. నేను నవ్వాను. వాడు నవ్వలేదు. రాత్రి పడుకునేముందు చిన్నగా అన్నాడు: "గంత పెద్ద రూముంటే ఎట్లనన్న బతకొచ్చు అనుకున్న బావా." ఆ అప్పు తీరడానికి వాడికి రెండేళ్లు పట్టింది.

ఆ ఫొటోలో నేను దేన్నీ మార్చలేదు. మరి అబద్ధం ఆడింది లెన్సా, నేనా? అది తెలుసుకోవడానికే ఈ వైడ్ లెన్సుల చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

మొదట మన పనివాడి గురించే చెబుతాను. హైదరాబాద్ పాత ఫొటోలు అనగానే గుర్తొచ్చే పేరు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. రూర్కీలోని థామ్సన్ కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. అంటే ఎస్టిమేట్లు, డ్రాయింగులు చూసుకునే మనిషి. ఫొటోగ్రఫీ ఆ తర్వాత పట్టుకున్నారు. 1880ల నడుమ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర కొలువు దొరికింది. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. నిజాం ఆయనకు 'రాజా ముసవ్విర్ జంగ్' అని బిరుదిచ్చారు. 1905లో పోయారు. ఆయన తీసిన భవనాల ఫొటోలు చూడండి, స్తంభాలు గుండు వేసి చూసినట్టు నిటారుగా ఉంటాయి. ఆ కాలం పెద్ద ప్లేట్ కెమెరాల్లో కెమెరాను పైకి వంచకుండా లెన్స్ ఉన్న పలకనే పైకి జరుపుకునే ఏర్పాటు ఉండేది. కెమెరా సమంగా ఉంటే గీతలు సమంగా వస్తాయి. కానీ ఆ కాలపు లెన్సులకు జూమ్ లేదు. ఎక్కువ పట్టాలంటే వెనక్కి నడవాలి. వెనక గోడ అడ్డం వస్తే?

ఆ ఇరుకు కోసమే వైడ్ లెన్స్ పుట్టింది. 1900లో జర్మనీలో గోయర్జ్ కంపెనీ 'హైపర్‌గాన్' అని ఒక లెన్స్ తెచ్చింది. రెండే గాజులు, రెండూ కలిపితే చిన్న గోళీలా ఉంటుంది. 130 డిగ్రీలకు పైగా చూసేది. అయితే ఒక చిక్కు ఉంది. అంత వెడల్పున వెలుతురు నడుమ ఎక్కువ పడుతుంది, మూలలకు చేరేసరికి చాలా తగ్గిపోతుంది. దానికి వాళ్లు చేసిన ఉపాయం వింటే నవ్వొస్తుంది. లెన్స్ ముందు నక్షత్రం ఆకారంలో చిన్న చక్రం పెట్టారు. రబ్బరు బల్బు నొక్కితే గాలికి అది గిర్రున తిరిగి నడుమ వెలుతురును కొంతసేపు ఆపుతుంది. తర్వాత దాన్ని కిందికి దించి మిగతా ఎక్స్‌పోజర్ ఇస్తారు. గాజు చేయలేని పనిని ఫ్యాన్‌తో చేయించారన్నమాట.

రెండో చిక్కు మెరుపు. గాజులు ఎన్ని ఎక్కువైతే లోపల వెలుతురు అంత అటూ ఇటూ తగిలి ఫొటో తెల్లబోతుంది. 1935లో జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా గాజు మీద పలచటి పూత వేసి ఆ తగలడాన్ని తగ్గించే పద్ధతి కనిపెట్టారు. ఇప్పుడు లెన్సును ఏటవాలుగా పట్టుకుంటే కనిపించే ఊదా, పచ్చ రంగులు ఆ పూత వంశానివే. పూత వచ్చాకే పది, పదిహేను గాజులు ఒకే గొట్టంలో పెట్టే ధైర్యం వచ్చింది.

మూడో చిక్కు అద్దం. ఎస్.ఎల్.ఆర్. కెమెరాలో లెన్స్‌కూ ఫిల్మ్‌కూ మధ్య అద్దం లేచి పడుతుంటుంది. నా కానన్‌లో లెన్స్ బిగించే రింగు నుంచి సెన్సర్ వరకు 44 ఎం.ఎం. ఉంటుంది. మామూలు పద్ధతిలో కట్టిన 16 ఎం.ఎం. లెన్స్ అయితే సెన్సర్‌కు 16 ఎం.ఎం. దగ్గరికి రావాలి, అద్దానికి గుద్దుకుంటుంది. 1950లో ఫ్రాన్స్‌లో పియర్ ఆంజెన్యూ 35 ఎం.ఎం. 'రెట్రోఫోకస్' లెన్స్‌తో స్టిల్ కెమెరాలకు దారి చూపించారు. దుర్భిణిని తిరగేసి చూస్తే అన్నీ చిన్నగా, ఎక్కువ చోటు కనిపిస్తుంది కదా, ఇది ఆ సూత్రమే. ముందు వెలుతురును విప్పే గాజులు, వెనక కూడగట్టే గాజులు. లెన్స్ దూరంగా ఉండి కూడా వెడల్పుగా చూడగలుగుతుంది.

ఇక జూమ్. 35 ఎం.ఎం. స్టిల్ కెమెరాకు మొదటి జూమ్ 1959లో ఫోక్ట్‌లాండర్ అమ్మిన 'జూమార్', 36-82 ఎం.ఎం. 1963లో నికాన్ 43-86 వచ్చింది. రెండూ అసలు వైడ్ కావు. వైడ్ జూమ్ కుదరాలంటే ఆ విప్పే గుంపును, కూడగట్టే గుంపును ఒకదానికొకటి దగ్గరికీ దూరానికీ జరపాలి. అంటే రెట్రోఫోకస్ నే కదిలేలా చేయడం. కానన్ 1973లో 35-70ను ఈ రెండు గుంపుల పద్ధతిలో చేసింది. 1978లో 24-35 వచ్చింది. అందులో గోళంలా గుండ్రంగా కాకుండా, అంచుకు పోయేకొద్దీ వంపు మారే గాజు వాడారు. దాన్నే ఆస్ఫెరికల్ అంటారు. మూలలు చక్కబడింది అక్కణ్ణుంచే. 1984లో 20-35, 1996లో 17-35, 2001లో 16-35. నికాన్ 2007లో 14-24 తెచ్చింది. ఒక్కొక్క ఎం.ఎం. తగ్గించడానికి ఏళ్లకేళ్లు పట్టాయి. 2014లో కానన్ 16-35 ఎఫ్/4, చేతి వణుకును ఆపే ఏర్పాటుతో వచ్చింది. నేను ఈ ఏడాది సెకండ్ హ్యాండ్‌లో కొన్నది అదే. దానికోసం ఒక ఫుల్ ఫ్రేమ్ కెమెరా కూడా సెకండ్ హ్యాండ్‌దే తీసుకున్నాను. ఆరు నెలలు చిట్టీ కట్టాను, ఇంట్లో చెప్పే కొన్నాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. అన్ని పైసలకు ఏమొచ్చింది?

ఎక్కువ వెడల్పు మాత్రం రాలేదు. పాత కెమెరా సెన్సర్ చిన్నది, 1.6తో గుణించాలి. పాత లెన్స్ 10 అంటే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 16. కొత్తది కూడా 16. అంతే. వచ్చినవి వేరే. మూలల్లో రీబార్ కట్టు తీగలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. స్లాబ్ అంచు విల్లులా వంగడం తగ్గింది. జూమ్ తిప్పినా ఎఫ్/4 మారదు కాబట్టి బేస్‌మెంట్‌లో ఇబ్బంది లేదు. ముందు 77 ఎం.ఎం. ఫిల్టర్ బిగిస్తే దుమ్ము లోపలికి రాకుండా సీలింగ్ పూర్తవుతుంది. ఇసుక గాలిలో పనిచేసే మనకు అది చిన్న విషయం కాదు. బరువు మాత్రం 240 గ్రాముల నుంచి 615 గ్రాములకు పెరిగింది.

మొదటి వారమే పరీక్ష అయింది. కింద నిలబడి, కెమెరా పైకి ఎత్తి 16 దగ్గర కాలమ్ తీశాను. కన్సల్టెంట్ ఇంజనీర్ ఫోన్ చేశాడు, "కాలమ్ ప్లంబ్ అవుట్ అయిందా?" అని. గుండు వేసి చూపించాను, నిక్కచ్చిగా ఉంది. వంగింది కాలమ్ కాదు, నా కెమెరా. దీన్‌దయాళ్ గారు నూట ముప్పై ఏళ్ల కింద పాటించిన పద్ధతి నేను మరిచిపోయాను.

ఆ రోజు నాకు అర్థమైంది ఇది. లెన్స్ తప్పులు రెండు రకాలు. మసక, వంపు, చీకటి మూలలు గాజు తప్పులు. వాటిని నూరేళ్లకు పైగా మేధావులు కూర్చొని సరిచేశారు, పైసలు పెడితే దొరుకుతాయి. ఇంకోటి నిలబడ్డ చోటు తప్పు. దగ్గర నిలబడి వెడల్పుగా తీస్తే దగ్గరి మంచం పెద్దగా, ఎదుటి గోడ చిన్నగా పడుతుంది. చిన్నగా ఉంది కాబట్టి మన కన్ను "దూరంగా ఉంది" అనుకుంటుంది. పది వేల లెన్స్ అయినా, లక్ష లెన్స్ అయినా ఇది ఒకటే. మా బామ్మర్ది ఫొటోలో గాజు తప్పేమీ లేదు. ఎక్కడి నుంచి తీశానో, రూము కొలత ఎంతో చెప్పకుండా పంపడం నా తప్పు.

ఇప్పుడు ఈ లెన్స్ అందరి జేబులో ఉంది. ఫోన్‌లో 0.5 అని నొక్కితే 13 ఎం.ఎం. చుట్టుపక్కల వెడల్పు వస్తుంది. ఏజెంట్లు పంపే రూము ఫొటోలు చాలామటుకు దాంతోనే తీస్తారు. కాబట్టి ఎవరైనా ఫొటో పంపితే ఇవి చూడండి.

ఫొటో అంచుల్లో ఉన్న బంతి లాంటి గుండ్రటి వస్తువు కోడిగుడ్డులా సాగిందా? అయితే వైడ్‌తో తీసింది. మంచాన్ని టేపులా వాడండి: మంచం పొడవు సుమారు ఆరున్నర అడుగులు. గోడ పొడవునా ఎన్ని మంచాలు పట్టాయో లెక్కపెట్టండి. నేల మీద టైల్స్ కనిపిస్తే ఇంకా మంచిది, ఒక టైల్ సైజు అడిగి, అటెన్ని ఇటెన్ని లెక్కపెడితే రూము కొలత వచ్చేస్తుంది. మంచాలను లెక్కపెట్టి, డబుల్ అయితే రెండింతలు చేయండి, మనుషుల లెక్క అది.

మీరే తీసి పంపేటప్పుడు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. ఫుల్ ఫ్రేమ్ వెడల్పు 36ను లెన్స్ నంబర్‌తో భాగించి, దూరంతో గుణిస్తే ఎంత వెడల్పు పడుతుందో తెలుస్తుంది. 16 అయితే పది అడుగుల దూరంలో ఇరవై రెండున్నర అడుగులు. 35 అయితే పది అడుగులే. ఇంటికి పంపే రూము ఫొటో నేనిప్పుడు 35 దగ్గరే తీస్తాను, అందులో ఒక మనిషిని నిలబెడతాను. రూము మొత్తం పడకపోతే రెండు ఫొటోలు పంపుతాను. 16ను సైట్ కోసం దాచుకుంటాను.

మా బామ్మర్ది ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు. పోయిన నెల ఫోన్ చేశాడు. "బావా, మా వాడకట్టు పిల్లగానికి ఏజెంటు రూము ఫొటో పంపిండు. జర చూడు" అన్నాడు. ఫొటోలో చాలా పెద్ద రూము. ఇద్దరం ఫోన్‌లోనే టైల్స్ లెక్కపెట్టాం. పది అడుగులకు పన్నెండు తేలింది. మంచాలు మూడు, డబుల్. అంటే ఆరుగురు.

పోవాలా వద్దా అన్నది ఆ పిల్లగాని ఇష్టం. కానీ పోతే, రూము ఎంతుందో తెలిసి పోతాడు.