కోడిజుట్టు నుంచి హైలురోనిక్ యాసిడ్

కోడిమాంసం తయారీలో పక్కన పడేసే భాగాల్లో ఖరీదైన మందుగా మారినది పుంజు తలమీది ఎర్రని జుట్టు. అందులో పుష్కలంగా ఉండే హైలురోనిక్ యాసిడ్ అనే జిగురు పదార్థం కంటి శుక్లాల ఆపరేషన్‌కూ, మోకీళ్ల చికిత్సకూ ఉపయోగపడింది.

గుర్తింపు

1934లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఈ పదార్థాన్ని ఆవు కంటిలోని గుజ్జు నుంచి మొదటిసారి వేరు చేశారు. కీళ్ల మధ్య ఉండే ద్రవానికి చిక్కదనం ఇచ్చేదీ ఇదే. అయితే కంటి గుజ్జులో ఇది కిలోకు అర గ్రాముకు మించదు. కోడిజుట్టు నుంచి దీన్ని తీసిన విధానాన్ని 1949లో నార్మన్ బోయాస్ ప్రచురించాడు. కిలో జుట్టులో సుమారు 7.5 గ్రాములు ఉంటుంది. పుంజు ఈడుకొచ్చినప్పుడు మగ హార్మోన్ ప్రభావంతో ఈ యాసిడ్ జుట్టులో చేరి నీటిని పట్టి ఉంచుతుంది. అందుకే జుట్టు ఉబ్బి నిటారుగా నిలుస్తుంది. వృషణాలు తీసేస్తే ముడుచుకుపోతుంది.

శుద్ధి

కోళ్లు కోసే చోట జుట్టుకు కొదవ లేదు. దాన్ని శుభ్రపరచడమే కష్టం. కోడి ప్రోటీన్ ఏ కాస్త మిగిలినా కంట్లోనో కీలులోనో వాపు తెస్తుంది. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఎండ్రె బలాజ్ ఈ చిక్కు విప్పాడు. జుట్టును ముక్కలుగా తరిగి, ఆల్కహాల్‌తో కడిగి, క్లోరోఫాం కలిపిన నీటిలో నానబెడితే యాసిడ్ నీటిలోకి దిగుతుంది. క్లోరోఫాంతోనే ప్రోటీన్‌ను తొలగించి, మళ్లీ ఆల్కహాల్ పోస్తే యాసిడ్ తెల్లని పీచులా విడివడుతుంది. దాన్ని కోతి కంట్లోకి ఎక్కించి, వాపు రాలేదని తేలాకే పనికొస్తుందనేవారు. ఈ పద్ధతికి 1979లో అమెరికా పేటెంట్ లభించింది.

వైద్యంలో వాడకం

బలాజ్ బృందం పందెపు గుర్రాల కీళ్లలోకి ఈ యాసిడ్‌ను ఎక్కించి చేసిన ప్రయోగాల ఫలితాలు 1970లో వెలువడ్డాయి. 1980లో స్వీడన్ కంపెనీ ఫార్మేసియా ‘హీలాన్’ పేరుతో దీన్ని కంటి ఆపరేషన్లకు అందించింది. శుక్లం తీసి కృత్రిమ లెన్స్ అమర్చేటప్పుడు కంటి ముందుభాగం కుంగిపోకుండా, కార్నియా లోపలి సున్నితమైన కణాలు ఒరుసుకుపోకుండా ఇది కాపాడుతుంది. ఈ యాసిడ్‌తోనే చేసి, మోకాలి గుజ్జు అరిగినవారికి ఇచ్చే హయల్గాన్, సిన్విస్క్ ఇంజెక్షన్లకు 1997లో అమెరికా అనుమతి దక్కింది. వీటి మేలుపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. 2013లో అమెరికా ఆర్థోపెడిక్ సర్జన్ల అకాడమీ ఈ ఇంజెక్షన్లను సిఫారసు చేయలేదు.

తర్వాతి దశ

స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాతో పులియబెట్టి ఇదే యాసిడ్‌ను తయారుచేసే పద్ధతి వచ్చాక కోడిజుట్టుకు గిరాకీ తగ్గింది. కోడి ప్రోటీన్ పడనివారికి అలర్జీ భయమూ తప్పింది. అయితే బాక్టీరియా పద్ధతి ఊపందుకునేలోపే ఈ మందును వైద్యుల చేతికి అందించిన ఘనత కోడిజుట్టుదే. ఇప్పుడు గుడ్డు పెంకు లోపలి పొరలోని కొల్లాజెన్, హైలురోనిక్ యాసిడ్‌లపైనా పరిశోధకులు దృష్టి పెట్టారు. పెంకులు గుట్టలుగా మిగిలే ప్రతి చోటా ఈ శ్రద్ధ అవసరం.