సామాన్యుల పాత ఫోటోల సేకరణ: హైదరాబాదు పాతబస్తీ

రాజులవీ నాయకులవీ కాకుండా, ఊరూ పేరూ తెలియని మామూలు మనుషుల పాత ఫోటోలను వెతికి, కొని, దాచుకునే అలవాటు. ఇంట్లో ఉన్నంతకాలం ఆ ఫోటో తాతయ్యదో మేనత్తదో. ఆ వరస చెప్పగలిగినవాళ్లు పోయాకే అది బజారుకెక్కుతుంది. దళసరి అట్టకు అతికించిన స్టూడియో ఫోటోలు, పోస్టుకార్డు సైజువి, చేత్తో రంగులద్దిన పెళ్లి ఫోటోలు సేకర్తలకు ప్రధానమైన సరుకు.

మామూలు మనిషికి ఫోటో అందుబాటులోకి రావడానికి దారి పడింది పారిస్‌లో. 1854లో దిస్దేరీ అనే ఫోటోగ్రాఫర్ ఒకే గాజుపలక మీద పలు చిన్న బొమ్మలు తీసే పద్ధతికి పేటెంటు పొందడంతో ధర పడిపోయింది. మన దేశంలో ఆ తరంలో సామాన్యుడు తరచూ నమూనాగానే కెమెరా ముందుకొచ్చాడు. 1868–75 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’లో 468 ఫోటోలున్నాయి. వాటిలో చాలామందికి కులమో తెగో తప్ప పేరు లేదు. స్టూడియో ఫోటో తీరు వేరు. అక్కడ కూర్చున్నవాడు డబ్బిచ్చాడు, షేర్వానీ తొడుక్కున్నాడు (అరువుదైనా సరే), రూమీ టోపీ సర్దుకుని, తాను ఎలా కనబడాలో తానే తేల్చుకున్నాడు.

హైదరాబాదులో ఈ స్టూడియో అలవాటుకు పెద్ద పేరు రాజా దీన్‌దయాళ్‌ది (1844–1905). మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీలో చదివి, ఇండోర్‌లో ప్రభుత్వోద్యోగం చేసిన ఆయన ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యారు. ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందారు. 1892లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ చేతుల్లో పెట్టారు. మగవాళ్ల కంట పడకుండా ఫోటో దిగవచ్చన్నది దాని హామీ.

సేకర్తలను ఇప్పటికీ ఇరుకున పెట్టేది ఆ హామీయే. పాతబస్తీ ముస్లిం ఇళ్లలో చాలాచోట్ల నమాజు చేసుకునే గదిలో బొమ్మలుంచరు; ఫోటోలు గోడకు కాక పెట్టెలోకి వెళ్లేవి. ఆడవాళ్లవైతే అయినవాళ్లు మాత్రమే చూసేవారు. ఖడా దుపట్టాలో (హైదరాబాదీ ముస్లిం పెళ్లికూతుళ్ల దుస్తుల్లో) ఉన్న అలాంటి పెళ్లికూతురి ముఖం ఈనాడు ఎవరి చేతికైనా రావచ్చు. దాచుకోవడం వేరు, ముద్రించడం వేరు అనే గీత గీసుకున్న సేకర్త పద్ధతే ఇక్కడ సబబు.

పెట్టెలు వీధిన పడటానికి కారణాలు చరిత్రలోనే ఉన్నాయి. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదలో వేల ఇళ్లు కూలాయి; అప్పటికున్న కాగితాలూ ఫోటోలూ ఎన్ని పోయి ఉంటాయో ఊహించుకోవచ్చు. 1948లో నిజాం రాజ్యంపై భారత సైన్యం పోలీసు చర్య జరిగింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. కొన్ని కుటుంబాలు పాకిస్తాన్ వెళ్లాయి. దేవిడీలు (నవాబుల పెద్ద భవంతులు) భాగాలై, అమ్ముడై, కూలి, లోపలి సామాను కబాడీల పాలైంది. పురానాపూల్ దగ్గర గురువారం సాగే జుమ్మెరాత్ బజారు, చార్మినార్ పక్క మహబూబ్ చౌక్ చుట్టుపక్కల దుకాణాలు ఇలాంటి పాత సామానుకు పేరుపడ్డవి. అక్కడ టేకు చట్రానికున్న గిరాకీ లోపలి ముఖానికి ఉండదు.

కొన్నాక అసలు పని ఫోటో వెనకవైపుతో మొదలవుతుంది. స్టూడియో ముద్ర, ఉర్దూలో రాసిన రెండు మాటలు, ఒక తేదీ ఉంటే అదృష్టమే. ఆ తేదీతో జాగ్రత్తగా ఉండాలి. నిజాం ప్రభుత్వ లెక్కలు ఫసలీ సంవత్సరంలో నడిచేవి. దానికి 590 కలిపితే ఇంచుమించుగా క్రీస్తుశకం వస్తుంది. ఆ లెక్కన 1340 ఫసలీ అంటే 1930–31. అదే అంకెను హిజ్రీగా చదివితే 1921–22 అవుతుంది, ఫోటో తొమ్మిదేళ్లు ముసలిదైపోతుంది. ఆజుర్, దై, బహ్మన్ వంటి నెల పేరు కనిపిస్తే అది ఫసలీయే. తేదీ లేకపోతే కాగితమే సాక్ష్యం: గుడ్డు తెల్లసొనతో చేసిన ఆల్బుమెన్ ప్రింటు పలచగా ఉండి పసుపుబారుతుంది, తర్వాతి జెలటిన్ ప్రింటు అంచుల్లో వెండి మెరుపు తేలుతుంది.

దీన్‌దయాళ్ గాజుపలకలు 2,857 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. తమిళనాడులో చిన్న ఊళ్ల స్టూడియోల ఫోటోలను పుదుచ్చేరి ఫ్రెంచి సంస్థ పరిశోధకులు డిజిటల్‌గా భద్రపరిచారు. బజారు సరుకుకు అలాంటి రక్షణ లేదు. వ్యాపారులు ఆల్బంను విప్పి, ఒక్కో ఫోటోను విడిగా అమ్ముతారు. లాభం అందులోనే ఎక్కువ. ఎవరి పక్కన ఎవరున్నారు, ఏ పేజీ తర్వాత ఏ పేజీ అన్న వరసే బంధుత్వాలకు మిగిలిన ఆధారం కనుక, అనుభవమున్న సేకర్త ఆల్బం కొంటే ముందు పేజీలన్నిటినీ ఉన్న వరసలోనే ఫోటో తీసుకుంటాడు, తర్వాతే అట్టల మీద చేయి వేస్తాడు.