ఏ రికార్డుతో మొదలుపెట్టాలి?

మా అబ్బాయి హెవీ మెటల్ వింటాడు. రోనీ జేమ్స్ డియో అని వాడి అభిమాన గాయకుడు ఒకాయన 2010 మే 16న కేన్సర్‌తో పోయాడు. ఏటా మే నెల వచ్చిందంటే వీడూ వీడి స్నేహితులూ ఆయన్ని తలుచుకుంటూ, కొత్తగా వినేవాళ్ళు ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలో వాదించుకుంటారు. రెయిన్‌బో బృందంతో పాడిన 'రైజింగ్' (1976) అని ఒకడు, బ్లాక్ సబ్బత్‌తో పాడిన 'హెవెన్ అండ్ హెల్' (1980) అని ఇంకొకడు, కాదు 'హోలీ డైవర్' (1983) అని మావాడు. మొన్న సంక్రాంతికి అవనిగడ్డ వచ్చినప్పుడు నన్నడిగాడు: "మీ ఘంటసాలని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి నాన్నా?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వాడికి ఘంటసాల అంటే చావు ఇంటిముందు వినపడే భగవద్గీత. తప్పు వాడిది కాదు. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయేనాటికి మన బ్యాచ్‌వాళ్ళం పలక పట్టామో లేదో. ఆయన జీవితం చివర్లో పాడిన రికార్డే మన చెవిన ముందు పడింది.

1977 నవంబరు 19 ఉప్పెన గురించి ఈ సంచిక చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ రాత్రి మా చిన్న మేనత్త కొట్టుకుపోయింది. శవం కూడా దొరకలేదు. ఏడాది తిరిగేసరికి మా బంధువుల ఊళ్ళో సంవత్సరీకాలన్నీ ఒక్క వారంలోనే వచ్చాయి. మైకు సెట్టు ఒకటి, గీత రికార్డు ఒకటి. ఈ వీధిలో అయిపోగానే పెట్టె సైకిలు మీద పెట్టుకుని ఆ వీధికి తీసుకెళ్ళేవాడు మైకు అబ్బాయి. అప్పటినుంచి ఆ గీత ఎక్కడ వినపడినా మా నాన్నగారు కండువా భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయేవారు. దేవుడి మీద కోపం కాదు. ఘంటసాల అంటే ఆయనకి ప్రాణం.

ఘంటసాల వెంకటేశ్వరరావుగారు మనవారే. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టారు. ఇంటిపేరేమో మన చల్లపల్లి పక్కనున్న, బౌద్ధ స్తూపం ఉన్న ఘంటసాల ఊరిపేరు. తండ్రి సూరయ్యగారు తరంగాలు పాడేవారు. కొడుకు చిన్నతనంలోనే పోయారు. ఈ కుర్రాడు చేతి ఉంగరం అమ్ముకుని విజయనగరం సంగీత కళాశాలకి వెళ్ళి, జోలె పట్టి మధూకరం చేసుకుంటూ పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర నేర్చుకున్నాడు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి బళ్ళారి అలీపురం జైలుకి వెళ్ళాడు. ఆ తర్వాత మద్రాసు, 'స్వర్గసీమ' (1945). మిగతా కథ మీకు తెలుసు.

ఇంజనీరుని కాబట్టి ఒక ముక్క చెప్పనివ్వండి. మన దివిసీమలో పద్యమంటే నాటకం పద్యం. మైకు లేని రోజుల్లో చివరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి వినపడాలి కాబట్టి, శ్రుతి పెంచి, రాగం సాగదీసి పాడేవారు. వన్స్ మోర్లు పడేవి కానీ, మాటలు చాలావరకు రాగంలో మునిగిపోయేవి. ఘంటసాలకి ఎదురుగా ఉన్నది జనం కాదు, మైక్రోఫోను. దానికి అరవక్కర్లేదు. పైగా 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల పైచిలుకు, ఆలాపనకి చోటే లేదు. అందుకని ఆయన గొంతు తగ్గించి, అర్థం విరిగేచోట మాట విరిచి పాడారు. నా ఉద్దేశంలో తెలుగు పద్యానికి ఆయన చేసిన మేలు ఇదే. కరుణశ్రీగారి 'పుష్పవిలాపం' వింటే తెలుస్తుంది. పద్యానికీ పద్యానికీ మధ్య ఆయన మామూలుగా మాట్లాడతారు, ఆ మాటలోంచే పద్యంలోకి జారిపోతారు. మా అబ్బాయికి మొదట పెట్టింది అదే. సగం మాటలు అర్థం కాకపోయినా కదలకుండా విన్నాడు.

రెండోది 'దేవదాసు' (1953). హీరో అక్కినేనిది గుడివాడ వైపు రామాపురం, దర్శకుడు వేదాంతం రాఘవయ్యగారిది కూచిపూడి, పాటల మీద పేరున్న సముద్రాల సీనియర్‌గారిది కృష్ణ అవతలి ఒడ్డున పెదపులివర్రు. వీళ్ళందరి ఊళ్ళూ పొద్దున బస్సెక్కితే రాత్రికి తిరిగి ఇల్లు చేరే దూరంలోనే ఉన్నాయి. సంగీతం చేసిన సుబ్బరామన్‌గారు మాత్రం సినిమా విడుదల చూడకుండానే పోయారు. 'మాయాబజార్' (1957) గురించి రాస్తే ఈ సంచిక చాలదు. కొన్ని వరసలు సాలూరు రాజేశ్వరరావుగారు కట్టి వెళ్ళిపోతే మిగతా పని ఘంటసాల పూర్తిచేశారు. రామారావు కృష్ణుడికీ అక్కినేని అభిమన్యుడికీ ఆయనే పాడారు. కళ్ళు మూసుకుని వినండి, ఏ పాట ఎవరిదో తెలిసిపోతుంది.

ఇక ఎవరూ చెప్పనిది, 'రహస్యం' (1967). సినిమా ఆడలేదు. అందులో మన బందరు మల్లాది రామకృష్ణశాస్త్రిగారు రాసిన గిరిజా కల్యాణం యక్షగానానికి ఘంటసాల కట్టిన సంగీతం వినకపోతే ఆయన్ని సగమే విన్నట్టు. నాన్నగారు దాని రికార్డు కోసం బెజవాడ అంతా తిరిగారు.

మూడేళ్ళ కిందట ఆయన బెజవాడ ఆసుపత్రిలో పోయారు. ఉయ్యూరు దాటాక బండి డ్రైవరు అలవాటు ప్రకారం గీత పెట్టాడు. ఆపమనడానికి నాకు నోరు రాలేదు. వెనక సీట్లో పెద్దవాళ్ళు ఉన్నారు, ఏమనుకుంటారోనని. పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, అవనిగడ్డ సెంటరు, అన్నిచోట్లా మోగుతూనే ఉంది. ఈసారి లేచి వెళ్ళిపోవడానికి ఆయనకి వీల్లేదు.

గీతని మా అబ్బాయికి చివర పెట్టమని చెప్పాను. మిగతావన్నీ విన్నాక, ఆరోగ్యం పాడైన మనిషి ఇది పాడుతున్నాడని తెలిసి వింటే అది చావు పాటలా వినపడదు. ఆ దశకి నేనింకా రాలేదు.

నాన్నగారి పెట్టెలో ముప్పై రెండు రికార్డులున్నాయి, 'పుష్పవిలాపం' ఒక వైపు బాగా అరిగిపోయింది. 'రహస్యం' లేదు. మిత్రుల్లో ఎవరింట్లోనైనా ఉంటే స్వర్ణోత్సవం నాడు బడికి పట్టుకురండి. ప్లేయరూ, కొత్త ముల్లూ నేను తెస్తాను.