గడిలో ఇమడని ఊరు

మీ తరగతి జాబితాను కంప్యూటర్ తెరపై చూశారా? ఒక్కో విద్యార్థికి ఒక్కో వరుస: పేరు, మార్కులు, ఊరు. పేరూ మార్కులూ నేరుగా విద్యార్థివే. ఊరు అలా కాదు. విద్యార్థి రికార్డులో చిరునామా, ఆ చిరునామాలో ఊరు. పెట్టెలో పెట్టె అన్నమాట! లోపలి పెట్టెలో ఉన్నదాన్ని పట్టిక గడిలోకి తేవడం ఎలా?

1960లలో పెట్టెలను అలాగే ఉంచేవారు. అపోలో రాకెట్ విడిభాగాల జాబితా కోసం ఐబీఎం తయారుచేసిన ఐఎంఎస్, సమాచారాన్ని చెట్టు కొమ్మల్లా అమర్చింది. చివరి కొమ్మ కావాలంటే మొదలు నుంచి ఎక్కి రావలసిందే.

1970లో అదే సంస్థకు చెందిన ఎడ్గార్ కాడ్ వేరే దారి చూపాడు. అతడు తీసుకున్న ఉదాహరణ ఒక ఉద్యోగి రికార్డు. అందులో ఉద్యోగ చరిత్ర, దాని లోపల జీతాల చరిత్ర, పక్కనే పిల్లల వివరాలు. కాడ్ వీటిని నాలుగు విడి పట్టికలుగా చేసి, పిల్లల పట్టికలోని ప్రతి వరుసకూ ఉద్యోగి సంఖ్యను తగిలించాడు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసినట్లు కనిపిస్తుంది గానీ, బంధాన్ని ఆ సంఖ్యే నిలుపుతుంది.

ఆబ్జెక్ట్ భాషలతో పెట్టెలు మళ్ళీ వచ్చాయి. రూబీ ఆన్ రైల్స్ 2004లో, జాంగో 2005లో వెలువడ్డాయి. ఈ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లు పట్టికలోని వరుసను ఆబ్జెక్టుగా మార్చి ప్రోగ్రామర్ చేతికిస్తాయి. చిరునామా ఆబ్జెక్టును యథాతథంగా గడిలో పెడితే, జావాస్క్రిప్ట్ మామూలుగా 'ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్' అని చూపి ఊరుకుంటుంది! అందుకే 'విద్యార్థి.చిరునామా.ఊరు' అంటూ చుక్కలతో దారి చెప్పాలి. ఈ చుక్క 1960ల నాటి పీఎల్/వన్ భాషలోనే ఉంది. జాంగోలో చుక్కకు బదులు రెండు అండర్‌స్కోర్లు వాడే చోట్లున్నాయి. అయినా దాని నిర్వాహక పట్టికలో అలా రాయడం 2024లో వచ్చిన 5.1తో గాని కుదరలేదు. అప్పటిదాకా ప్రతి గడికీ చిన్న ఫంక్షన్ రాసుకోవలసి వచ్చేది.

అసలు చిక్కు వేరే ఉంది. అరవైమందిలో ఒక్కరికి చిరునామా లేదనుకోండి. చుక్కల దారి మధ్యలో తెగిపోతుంది. చాలా భాషల్లో ఆ ఒక్కరి వల్ల మొత్తం జాబితాయే ఆగిపోవచ్చు. 1965లో ఈ 'శూన్య సూచిక'ను ప్రవేశపెట్టిన టోనీ హోర్, అది తన వంద కోట్ల డాలర్ల పొరపాటని 2009లో ఒప్పుకున్నాడు. దారి తెగినా పేజీ ఆగకుండా చూసే ప్రశ్నార్థక చుక్క 2020లో జావాస్క్రిప్టులో చేరింది.

ఇప్పుడు గడి ఖాళీగా కనిపిస్తుంది. ఆ విద్యార్థికి ఇల్లే లేదా, లేక గుమాస్తా నమోదు చేయలేదా? ఈ రెండింటికీ వేర్వేరు గుర్తులుండాలని కాడ్ తన 1990 నాటి పుస్తకంలో వాదించాడు. ఎస్‌క్యూఎల్ భాషలో మాత్రం రెండింటికీ ఒకే 'నల్' ఉంది.