హాగ్స్ హాలో సొరంగం – మా బిడ్డ చెప్పిన బుర్రకథ

ఈ ఎపిసోడ్‌లో చెప్పిన ముచ్చటే ఇక్కడ రాస్తున్నా. డ్యూటీ దిగాక తీరిగ్గా చదువుకోండి.

కెనడా స్కూళ్లలో హెరిటేజ్ ఫెయిర్ అని ఒకటి ఉంటుంది. 1993లో విన్నిపెగ్‌లో మొదలైంది. పిల్లలు చరిత్రలోంచి ఒక అంశం తీసుకుని, వివరాలు వెతికి, అందరి ముందు చెప్పాలి. ఏడో తరగతి చదివే మా బిడ్డ "డాడీ, మన టొరంటోదే కావాలి, నీ పని లాంటిది" అంది. నాకు హాగ్స్ హాలో గుర్తొచ్చింది.

1960 మార్చి 17. డాన్ నది కింద, 35 అడుగుల లోతులో నీటి పైపు కోసం సొరంగం పని నడుస్తోంది. ఇలాంటి చోట నీళ్లు లోపలికి రాకుండా గాలిని ఒత్తిడితో నింపుతారు. ఆ గాలిలో నిప్పు పుడితే మామూలు కన్నా జోరుగా మండుతుంది. ఆ సాయంత్రం అదే జరిగింది. ఐదుగురు బయటికి రాలేదు. అందరూ ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్లే. తలకు హెల్మెట్ లేదు, చేతిలో టార్చి లేదు. తర్వాత రాయల్ కమిషన్ వేశారు, ఆంటారియోలో కార్మికుల భద్రతా చట్టాలు మారాయి. రోజూ పొద్దున సైట్లో నేను చెప్పే సేఫ్టీ జాగ్రత్తల వెనక వాళ్ల ప్రాణాలున్నాయి.

దీన్ని బుర్రకథలా చెప్పమన్నా. మన నాజర్ గారు బెంగాల్ కరువును కూడా బుర్రకథ చేశారు కదా. మా బిడ్డ కథ చెప్తే, ఒక పంజాబీ పిల్ల, ఒక ఫిలిప్పీన్స్ పిల్లోడు వంతలు. గుమ్మెట బదులు ఖాళీ పెయింట్ బకెట్. భాష ఇంగ్లీషే. హాస్యం తీసేసి వంతలతో ప్రశ్నలు అడిగించాం: "టార్చి ఎందుకు ఇవ్వలేదు? అది చూసుకోవాల్సింది ఎవరు?"

రిహార్సల్‌లో పేర్లు పలకరావట్లేదని "ఐదుగురు కూలీలు" అని దాటేశారు. నేను ఒప్పుకోలేదు. పాస్క్వాలే అల్లెగ్రెజ్జా, జొవాన్ని కరీల్యో, జొవాన్ని ఫుసిల్లో, అన్నదమ్ములు అలెస్సాండ్రో, గ్విడో మాంటెల్లా. బకెట్ దెబ్బకొక పేరు చొప్పున నేర్చుకున్నారు.

ఆ రాత్రి బిడ్డ అడిగింది: "డాడీ, నీ సైట్లో ఎవరన్నా పోయిండ్రా?"

కరీంనగర్‌లో ఐటీఐ చేసి మొదట గల్ఫ్‌కే పోయాను. క్యాంపులో నా పక్క మంచం అతను స్కాఫోల్డింగ్ మీంచి పడ్డాడు. చందాలు వేసి పెట్టెను ఇంటికి పంపాం. తెల్లారి పని మామూలే. ఇరవై ఏళ్లుగా ఇంట్లో అతని పేరెత్తలేదు. ఆ రాత్రి పేరు చెప్పాను, ఊరు చెప్పాను.

2010లో, ప్రమాదం జరిగి యాభై ఏళ్లయినప్పుడు, ఆ ఐదుగురి గుర్తుగా లారీ స్విమ్ చేసిన పెద్ద క్విల్ట్‌ను యార్క్ మిల్స్ మెట్రో స్టేషన్‌లో పెట్టారు. అటు పోతే ఒక నిమిషం ఆగండి. మీరున్న ఊరిని కట్టినవాళ్ల కథ వెతికి మీ పిల్లలతో ఆడించండి. మనవాళ్ల పేర్లు కూడా చెప్పండి. పిల్లలు అడిగేదాకా ఆగకండి. నేను ఆగాను.