మంచు దారిలో నాలుగు చక్రాలు

తెలుగులో మంచు అన్న ఒక్క మాటే చాలా పనులు చేస్తుంది. తెల్లవారుజామున గడ్డిపరక మీద నిలిచేదీ మంచే, లంబసింగిలో దారి కనపడనివ్వని పొగా మంచే, హిమాలయ శిఖరాల మీద పేరుకొన్నదీ మంచే. తుషారం, తుహినం, నీహారం, ప్రాలేయం వంటి పర్యాయపదాలను సంస్కృతం నుండి తెచ్చుకొని పద్యాలలో అందంగా వాడుకొన్నాం. కాని చక్రం కింద పడిన మంచు ఎట్లా ప్రవర్తిస్తుందో వాటిలో ఏదీ చెప్పదు. మనకు ఆ అవసరం రాలేదు. వచ్చిన దేశాలవారు దానికి తగిన యంత్రాన్ని తయారు చేసుకొన్నారు. టర్బో ఇంజను ఉండి, నాలుగు చక్రాలకూ శక్తి అందే చిన్న కారు ఆ యంత్రం. ఇరవై ముప్పై ఏళ్ల నాటి అటువంటి బండిని కొని చలికాలంలో సరదాగా తిప్పుకొనే అలవాటు ఐరోపాలోను, ఉత్తర అమెరికాలోను ఉంది. ఆ సరదా ఎక్కడినుండి వచ్చిందో తెలిస్తే దాని హద్దు ఎక్కడ ఉందో కూడా తెలుస్తుంది. అందుకే ఈ వ్యాసం.

ఈ కారులో కలిసిన రెండు ఉపాయాలూ పాతవే. ఇంజను నుండి వృథాగా బయటికి పోయే వేడి పొగ చేత ఒక చిన్న చక్రాన్ని తిప్పించి, ఆ తిరుగుడుతో ఇంజనులోకి అదనపు గాలిని నెట్టడం టర్బో. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. అయితే అది అమ్మకపు కార్లలోకి రావడానికి 1962 దాకా పట్టింది. ఆ ఏడు అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్, షెవ్రొలే సంస్థలు టర్బో కార్లను విడుదల చేశాయి. ఇక నాలుగు చక్రాలకూ శక్తినివ్వడం ఇంకా పాతది. హాలండులోని స్పైకర్ సంస్థ 1903లోనే అటువంటి పందెపు కారును నిర్మించింది. ఇంగ్లండులో 1966లో జెన్సెన్ ఎఫ్ఎఫ్ అనే ఖరీదైన కారు వచ్చింది గాని, కొన్నవారు కొద్దిమందే. నాలుగు చక్రాల బండి అంటే జీపు, అంటే అడవికీ సైన్యానికీ సంబంధించినది అన్న భావమే చాలాకాలం నిలిచింది.

ఆ భావాన్ని మొదట కదిలించినది పందెగాళ్లు కారు, కరెంటు లైన్లు చూసుకొనే ఉద్యోగులు. జపానులో ఈశాన్య ప్రాంతమైన తొహోకులో మంచు విపరీతంగా కురుస్తుంది. అక్కడి విద్యుత్ సంస్థకు, మంచు కొండల్లో లైన్లు తనిఖీ చేయడానికి, జీపుకంటే సుఖంగా ఉండే వాహనం కావలసి వచ్చింది. ఆ కోరికనుండి పుట్టిన ప్రయత్నం ఫలించి, 1972లో సుబారు సంస్థ లియోన్ అనే ఫోర్ వీల్ డ్రైవ్ బండిని అమ్మకానికి తెచ్చింది. అందులో ఆర్భాటం లేదు, వేగమూ లేదు. మంచులో ఉద్యోగానికి వెళ్లి ఇంటికి తిరిగి రావడమే దాని ధ్యేయం.

వేగం సంగతి జర్మనుల వంతు అయింది. 1976-77 చలికాలంలో ఆడీ సంస్థ ఇంజనీర్లు మంచులో కార్లను పరీక్షిస్తున్నారు. సైన్యం కోసం తయారైన ఇల్టిస్ అనే జీపు కూడా వారి వెంట ఉంది. దాని బలం 75 అశ్వశక్తి మాత్రమే. అయినా అంతకంటే ఎంతో బలమైన కార్లను అది మంచు మీద దాటిపోయింది. యోర్గ్ బెన్సింగర్ అనే ఇంజనీరు దీనిని గమనించి, ఇదే పద్ధతిని మామూలు కారులో పెట్టి, దానికి బలమైన ఇంజనును జతచేస్తే ఎట్లా ఉంటుందని తన పైఅధికారి ఫెర్డినాండ్ పియెక్‌ను అడిగాడు. 1978 జనవరిలో ఆస్ట్రియాలోని ఒక నిటారైన కనుమ దారిని, మంచు కప్పి ఉండగా, వేసవి టైర్లతోనే వారి నమూనా బండి ఎక్కింది. 1980 మార్చిలో జెనీవా ప్రదర్శనలో ఆడీ క్వాట్రో లోకానికి కనిపించింది. ఐదు సిలిండర్ల టర్బో ఇంజను, 200 అశ్వశక్తి. టర్బో, నాలుగు చక్రాలు ఒక వేగపు కారులో కలిసి నిలిచినది అక్కడే.

మరుసటి ఏడు ర్యాలీ పోటీలలో ఆ కారు దిగింది. ర్యాలీ అంటే మైదానంలో గుండ్రంగా తిరిగే పందెం కాదు. మట్టి, కంకర, మంచు దారులను కొంతసేపు మూసివేసి, ఒక్కొక్క కారునూ విడిగా వదిలి కాలాన్ని లెక్కించే పోటీ. 1981 ఫిబ్రవరిలో స్వీడన్ మంచు ర్యాలీని హాన్ను మికోలా క్వాట్రోలో గెలిచాడు. అదే ఏడు ఇటలీలోని సాన్‌రెమోలో మిషెల్ మూటన్ గెలిచి, ప్రపంచ ర్యాలీ పోటీని గెలిచిన మొదటి మహిళ అయింది. ఆ తరువాత రెండు చక్రాల చోదనంతో గెలుపు కష్టమని తక్కిన సంస్థలూ గ్రహించాయి.

ఇక్కడినుండి కథ విషాదం వైపు తిరుగుతుంది. అప్పటి గ్రూప్ బి నియమాల ప్రకారం 200 కార్లు తయారు చేస్తే చాలు, పోటీకి అర్హత లభించేది. కాబట్టి సంస్థలు జనం కోసం గాక పందెం కోసమే తేలికైన, అతి బలమైన బండ్లను నిర్మించాయి. 1986 మార్చిలో పోర్చుగల్ ర్యాలీలో ఒక కారు జనంలోకి దూసుకుపోయి ప్రేక్షకులు చనిపోయారు. మే 2న కార్సికాలో హెన్రీ తోయివోనెన్, ఆయన సహచరుడు సెర్జియో క్రెస్టో లోయలో పడిన కారులో మంటలకు బలి అయ్యారు. ఆ సంవత్సరాంతంతో గ్రూప్ బి ముగిసింది.

1987 నుండి గ్రూప్ ఎ ప్రధానమైంది. దాని నియమం వేరు. ఏడాదిలో 5000 కార్లు తయారైతేనే ఆ నమూనాకు ప్రవేశం. చూడడానికి ఇదొక గుమాస్తా లెక్క. కాని దాని ఫలితం పెద్దది. 5000 బండ్లు తయారు చేస్తే వాటిని ఎవరో ఒకరు కొనాలి గదా! కాబట్టి పందెపు యంత్రం డాక్టరూ, బడిపంతులూ, రైతూ కొనే కారు కావలసి వచ్చింది. నాలుగు తలుపులు, వెనుక సీటు, సామాను పెట్టుకొనే చోటు, వాటితోపాటు టర్బో, నాలుగు చక్రాలు. లాన్సియా డెల్టా 1987 నుండి 1992 దాకా వరుసగా ఆరు తయారీదారుల టైటిళ్లు గెలిచింది. టొయోటా సెలికా, మిత్సుబిషి గలాంట్, సుబారు లెగసీ బరిలోకి వచ్చాయి. 1992లో సుబారు ఇంప్రెజా, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ పుట్టాయి. 1995లో కాలిన్ మెక్‌రే ఇంప్రెజాలో ప్రపంచ విజేత అయ్యాడు. 1997లో వచ్చిన కొత్త నియమాలు, మామూలు కారుకు పోటీ కోసమే టర్బోను, నాలుగు చక్రాల అమరికను తగిలించుకోవచ్చునన్నాయి. దానితో అటువంటి బండిని జనానికి అమ్మి తీరవలసిన అవసరం పోయింది. ఈ రోజు పాత కార్ల సంతలో జనం వెదికే బండ్లలో అనేకం ఆ పదేళ్ల నియమానికి సంతానమే, లేదా దాని వారసులే.

అమెరికాకు ఇంప్రెజా టర్బో ఆలస్యంగా, 2001లో వచ్చింది. 227 అశ్వశక్తి. పాతికేళ్లు నిండిన విదేశపు కారును అమెరికాలోకి తెచ్చుకోవడానికి అక్కడి చట్టం వీలు కల్పిస్తుంది. కెనడాలో పదిహేనేళ్లు నిండితే చాలు. అందుచేత జపాను సంతనుండి కూడా ఇవి ఓడలెక్కి వస్తున్నాయి.

మిషిగన్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి అటువంటి ఇరవై ఏళ్ల నాటి బండిని కొంటానని చెప్పినప్పుడు, వద్దనడానికి నాకు యంత్రశాస్త్రం రాదు. చరిత్ర చదివిన బుద్ధితో మూడు సంగతులు చెప్పాను. మొదటిది తుప్పు. ఆ ప్రాంతాలలో మంచు కరగడానికి దారుల మీద ఉప్పు చల్లుతారు. అది బండి అడుగు రేకును, వెనుక చక్రాల పైభాగాన్ని లోలోపలే తినేస్తుంది. పైరంగు నిగనిగ చూసి మోసపోరాదు, బండిని పైకెత్తించి చూడాలి. రెండవది టర్బో. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే ఆ చిన్న చక్రానికి శుభ్రమైన ఇంజనాయిలే ప్రాణం. ఆయిలు మార్చిన రసీదులు, టైమింగ్ బెల్టు మార్చిన తేదీ అడగాలి. మూడవది టైర్లు. నాలుగూ ఒకే రకానివి, ఒకే అరుగుదల గలవి కావాలి. లేకపోతే ముందు చక్రాల వేగానికీ వెనుక చక్రాల వేగానికీ తేడా వచ్చి మధ్యనున్న డిఫరెన్షియల్ వేడెక్కి చెడిపోతుంది. వాడు చూసిన మొదటి బండి అడుగున వేలు దూరేటంత రంధ్రం ఉన్నదట. దానిని వదిలేశాడు. రెండవది కొన్నాడు. తొలి నెల జీతంలో మిగిలినది మంచు టైర్లకే పెట్టమన్నాను.

ఎందుకంటే, ఈ చరిత్రలో జనం మరచిపోయే సూత్రం ఒకటి ఉంది. నాలుగు చక్రాలకూ శక్తి ఇవ్వడం బండి కదలడానికి పనికి వస్తుంది, ఆగడానికి కాదు. బ్రేకులు ప్రతి కారులోనూ నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఆపేది రబ్బరు, రోడ్డు మధ్యనున్న పట్టు. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, పట్టు ఎంతో ఆపడమూ అంతే. మామూలు టైరు రబ్బరు చలికి గట్టిపడి పట్టు తగ్గిపోతుంది. మెత్తని రబ్బరుతో చేసిన మంచు టైరు ఆ లోటును కొంత తీరుస్తుంది. పక్క కారు చక్రాలు గిరగిర తిరుగుతూ ఉన్నచోట మన బండి చులాగ్గా బయలుదేరుతుంది. ఆ చులకనే దారి జారుడుగా లేదన్న భ్రమను కలిగిస్తుంది. పైగా పాత టర్బోకు ఇంకొక గుణం ఉంది. పెడలు నొక్కిన క్షణాన ఊరకుండి, ఆ మరుక్షణాన ఒక్కసారిగా బలం వదులుతుంది. ఎండిన దారిలో అది ఉల్లాసం, గడ్డకట్టిన మలుపులో అది ప్రమాదం.

తొహోకులో లైను చూసుకొనే ఉద్యోగి కోరినది ఇల్లు చేరడం, కార్సికాలో తోయివోనెన్ కోరినది అందరికంటే ముందు చేరడం. ఈ పాత కారులో రెండు కోరికలూ ఒకే ఇనుములో కరిగి ఉన్నాయి. రెండవదాన్ని ఖాళీ మైదానంలో, పగటి వెలుగులో, ఎవరూ లేనిచోట తీర్చుకోవచ్చు. ఊరి దారిలోకి వచ్చినప్పుడు మాత్రం మొదటి కోరికే స్టీరింగు పట్టుకోవాలి.